గుండె దడకి మెగ్నీషియం ఏ రకం, ఎంత? అలవాట్లలో ముందు ఏది మార్చాలి?

తప్పినతాళం

నమస్తే అండీ. వయసు 41, మహిళని. నాలుగు నెలలుగా గుండె దడ. వరసగా కొట్టుకుంటున్న గుండె ఉన్నట్టుండి ఒక బీట్ మింగేసినట్టు అవుతుంది, ఆ వెంటనే గొంతు దాకా తన్నినట్టు ఇంకో బీట్. ఎడమవైపు తిరిగి పడుకున్నప్పుడు, కడుపు నిండా తిన్నాక ఎక్కువ. నడుస్తున్నప్పుడు ఉండదు.

ఈసీజీ, ఎకో బాగున్నాయి. 24 గంటలు ఒంటికి తగిలించిన ఈసీజీ పరికరం హోల్టర్‌లో 1,04,000 బీట్లకి 1,150 పీవీసీలు (వేళకి ముందే వచ్చే బీట్లు) వచ్చాయి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) 2.1, హిమోగ్లోబిన్ 12.6, పొటాషియం 3.7, సీరం మెగ్నీషియం 1.8. ప్రమాదం లేదని, మరీ ఇబ్బందైతే తక్కువ మోతాదు బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) ఇస్తామని కార్డియాలజిస్టు చెప్పారు. అసిడిటీకి ఏడాదిన్నరగా రోజూ పాంటోప్రజోల్ 40, జుట్టు కోసం బయోటిన్ 10,000 మైక్రోగ్రాములు వాడుతున్నాను. కాఫీ రోజుకి మూడు కప్పులు, చివరిది సాయంత్రం 6కి.

మెగ్నీషియం ఏ రకం, ఎంత, ఎప్పుడు వేసుకోవాలి? రక్తంలో మామూలుగానే ఉంటే వేసుకుని లాభం ఉందా? పొటాషియం, ఒమేగా 3, కోక్యూ10 కూడా కలపాలా? కాఫీ పూర్తిగా మానాల్సిందేనా?

---

లయగతి

మాత్రల సంగతి ఫార్మసీ తెలిసినవాళ్ళు చెప్తారు. అసలు అక్కడ ఏం జరుగుతోందో ముందు తెలిస్తే సగం భయం పోతుంది, నేను ఆ భాగం చెప్తాను.

పీవీసీ అంటే గుండె కింది గదుల్లో ఏదో ఒక చోటు నుంచి వేళ కాకముందే పుట్టే బీట్. అప్పటికి గది ఇంకా నిండి ఉండదు కాబట్టి బయటికి పోయే రక్తం తక్కువ. అందుకే ఆ బీట్ చాలాసార్లు మణికట్టు దగ్గర నాడికి అందదు, మీకు 'మింగేసినట్టు' అనిపిస్తుంది. దాని వెనకే చిన్న విరామం. ఆ విరామంలో గది మామూలు కన్నా ఎక్కువ నిండుతుంది, తర్వాతి బీట్ దాన్నంతా ఒక్క తోపుతో పంపుతుంది. అంటే మీకు తన్నినట్టు తెలిసేది పీవీసీ కాదు, దాని తర్వాత వచ్చే ఆరోగ్యకరమైన బీట్. ఎడమవైపు పడుకుంటే గుండె ఛాతీ గోడకి దగ్గరగా జరుగుతుంది కాబట్టి అదే బీట్ ఇంకా గట్టిగా తెలుస్తుంది. అంతమాత్రాన ఆ భంగిమ గుండెకి చెడ్డదని కాదు.

మీ లెక్క: 1,150ని 1,04,000తో భాగిస్తే 1.1 శాతం. మొత్తం బీట్లలో పీవీసీలు 10 శాతం దాటి నెలలు, ఏళ్ళ తరబడి ఉంటేనే గుండె కండరం బలహీనపడుతుందేమోనని ఎకోతో గమనిస్తూ ఉంటారు. మీరు ఆ గీతకి చాలా దూరం. నడిస్తే తగ్గిపోవడం కూడా మంచి గుర్తే. నడకలో మామూలు లయ వేగం పెరిగి, పీవీసీ పుట్టడానికి ఖాళీ దొరకదు. దీనికి తలకిందులుగా, శ్రమ పడేకొద్దీ దడ పెరిగితే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

హోల్టర్ రిపోర్టులో చాలామంది చివరి పేరా చదివి మూసేస్తారు. లోపల గంటవారీ పట్టిక ఒకటి ఉంటుంది, అది తీసి చూడండి. పీవీసీలు పగలు నాడి వేగంగా ఉన్న గంటల్లో గుమిగూడాయా, రాత్రి నాడి 60 దగ్గర ఉన్నప్పుడా? పగటివైతే అడ్రినలిన్ పాత్ర ఉందనుకోవచ్చు, కెఫీన్ తగ్గింపు, శ్వాస అభ్యాసం, బీటా బ్లాకర్ లాంటివాటికి లొంగే అవకాశం ఎక్కువ. రాత్రివైతే బీటా బ్లాకర్ అంతగా పనిచేయకపోవచ్చు, నాడిని ఇంకా నెమ్మదింపజేసి ఒక్కోసారి ఎక్కువ చేస్తుంది కూడా. మీ లక్షణాలు చూస్తే రెండోదే అనిపిస్తోంది. ఆ పట్టిక పట్టుకెళ్ళి డాక్టరుతో మాట్లాడండి.

వాచీ, బీపీ మిషను చూపించే అంకెలు కూడా మోసం చేస్తాయి. అవి నాడిని లెక్కపెడతాయి తప్ప గుండెని కాదు. మామూలు బీట్, పీవీసీ, మామూలు బీట్, పీవీసీ అని జంటగా వస్తున్నప్పుడు గుండె 80 సార్లు కొట్టుకున్నా తెరమీద 40 కనిపించొచ్చు. అప్పుడు కంగారుపడి పరిగెత్తేముందు చూపుడు, మధ్య వేళ్ళు మణికట్టు మీద ఆనించి (బొటనవేలు వద్దు, దానికి సొంత నాడి ఉంటుంది) పూర్తి 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే లయ తప్పినప్పుడు లెక్క తప్పుతుంది. ఈసీజీ తీసే వాచీ ఉంటే, చేతులు రెండూ బల్లమీద కదలకుండా పెట్టి 30 సెకన్ల పట్టీ తీసి దాచండి.

దడతో పాటు స్పృహ తప్పడం, కళ్ళు చీకట్లు కమ్మి పడిపోబోవడం, ఛాతీ నొప్పి, ఊపిరి అందకపోవడం ఉంటే మాత్రం అప్పటికప్పుడు అత్యవసర వైద్యానికి వెళ్ళాలి, సప్లిమెంట్ల మాట తర్వాత. చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి చనిపోయినవాళ్ళు రక్తసంబంధీకుల్లో ఉన్నా, ఇంతకుముందే గుండెజబ్బు ఉన్నా, రిపోర్టు ఎంత బాగున్నా ఆ సంగతి డాక్టరుకి విడిగా చెప్పాలి.

---

మాత్రలపెట్టె

మీ పోస్టులో నా కళ్ళు ముందు ఆగింది పాంటోప్రజోల్ దగ్గర. అసిడిటీ మాత్రల్లో ఈ రకం దీర్ఘకాలం వాడితే పేగు మెగ్నీషియాన్ని సరిగా లోపలికి తీసుకోకపోవచ్చు. 2011లోనే అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. వాళ్ళు పరిశీలించిన కేసుల్లో దాదాపు నాలుగో వంతు మందికి మెగ్నీషియం ఇచ్చినా సరిపోలేదు, ఆ మాత్ర ఆపాకే స్థాయి కోలుకుంది. మీరు ఏడాదిన్నరగా వాడుతున్నారు. అది ఇంకా అవసరమేనా, మోతాదు 20కి దించొచ్చా అని రాసిచ్చినవాళ్ళని అడగండి. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, కొన్నాళ్ళు అసిడిటీ రెట్టింపై తిరగబడుతుంది, ఆ మంటతో దడ కూడా ఎక్కువవుతుంది.

సీరం 1.8 మామూలు పరిధిలోనిదే, కానీ ఒంట్లోని మెగ్నీషియంలో ఒక శాతం లోపే రక్తరసంలో తిరుగుతుంది. మిగతాదంతా ఎముకల్లో, కండరాల్లో, కణాల్లోపల. కాబట్టి అంకె తక్కువ వస్తే లోటు ఉందని నమ్మొచ్చు, మామూలుగా వస్తే లోటు లేదని పూర్తిగా నమ్మలేం. అలాగని ప్రతి దడకీ మెగ్నీషియమే మందనుకోవడం కూడా తప్పే. 1997లో వచ్చిన ఒక పరిశీలనలో తరచుగా పీవీసీలు వచ్చే 232 మందికి మూడు వారాలు పొటాషియం, మెగ్నీషియం కలిపి ఇచ్చారు. పీవీసీల సంఖ్య సుమారు 17 శాతం తగ్గింది, రోగులకి తెలిసే ఇబ్బందిలో మాత్రం తేడా రాలేదు. అంత ఆశతోనే మొదలుపెట్టండి: లోటుంటే పూడుతుంది, లేకపోతే ఫలితం కొద్దిగానే ఉంటుంది.

ఇప్పుడు లేబుల్ లెక్క, అందరూ తప్పేది ఇక్కడే. 'మెగ్నీషియం గ్లైసినేట్ 1000 మి.గ్రా.' అంటే 1000 మి.గ్రా. మెగ్నీషియం కాదు. అందులో మెగ్నీషియం దాదాపు 14 శాతం, అంటే 140 మి.గ్రా. సిట్రేట్‌లో సుమారు 16 శాతం. ఆక్సైడ్‌లో 60 శాతం, చూడ్డానికి పెద్ద అంకె, కానీ సరిగా కరగదు, ఒంటికి పట్టేది కొద్దిగానే, మిగిలింది పేగులోకి నీటిని లాగి విరేచనాలు చేస్తుంది. విరేచనాలతో పొటాషియం పోతుంది, దడ తగ్గాలని వేసుకున్నది దడ పెంచినట్టవుతుంది. అందుకే దడ కోసమైతే గ్లైసినేట్, మలబద్ధకం కూడా ఉంటే సిట్రేట్.

మోతాదు ఎప్పుడూ ఎలిమెంటల్ (మాత్రలోని అసలు మెగ్నీషియం) లెక్కలోనే. రాత్రి భోజనంతో 100 మి.గ్రా. ఒక వారం. కడుపు తట్టుకుంటే 200. అక్కడే ఆరు వారాలు ఆగండి. సప్లిమెంట్ల నుంచి రోజుకి గరిష్ఠ పరిమితి అమెరికా లెక్కలో 350, ఐరోపా లెక్కలో 250. మల్టీవిటమిన్‌లో, యాంటాసిడ్ సిరప్‌లో ఉన్న మెగ్నీషియం కూడా ఇందులోకే వస్తుంది, చాలామంది దాన్ని మర్చిపోతారు.

మొదలుపెట్టేముందు క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ పనితీరు పరీక్షలు) చూడాలి, మీ జాబితాలో అది లేదు. ఎక్కువైన మెగ్నీషియాన్ని బయటికి పంపేది కిడ్నీలే. ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తక్కువ ఉంటే డాక్టరు పర్యవేక్షణ లేకుండా ముట్టుకోకూడదు. ఎక్కువైతే మొదట విరేచనాలు, ఆ తర్వాత మగత, కండరాల నీరసం, బీపీ పడిపోవడం, నాడి బాగా నెమ్మదించడం.

ఇది చదివే మిగతావాళ్ళకి: థైరాయిడ్ మాత్రకీ మెగ్నీషియానికీ మధ్య 4 గంటలు ఎడం ఉండాలి. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌లు మెగ్నీషియంతో పేగులోనే అతుక్కుపోయి పనికిరాకుండా పోతాయి. ఆ కోర్సు నడిచినన్ని రోజులు మెగ్నీషియం ఆపేయడమే సులువు.

పొటాషియం మాత్రలు సొంతంగా వద్దు, ఈ మాట గట్టిగానే చెప్తున్నాను. మీ 3.7 మామూలు పరిధిలో (3.5 నుంచి 5) కింది వైపు ఉంది. ఎక్టోపిక్స్ (పీవీసీల్లా వేళ కాని బీట్లు) ఉన్నవాళ్ళలో 4 దాటి ఉంటే మేలని చాలామంది కార్డియాలజిస్టులు చూస్తారు. దాన్ని తిండితో పెంచండి: మధ్యస్థ అరటిపండులో సుమారు 420 మి.గ్రా., తొక్కతో కాల్చిన మధ్యస్థ బంగాళాదుంపలో 900 దాకా, పప్పులు, ఆకుకూరల్లో కూడా బాగానే ఉంటుంది. మెగ్నీషియం తక్కువైతే కిడ్నీ పొటాషియాన్ని కూడా వదిలేస్తుంది, ఎంత తిన్నా నిలవదు. అందుకే ఈ రెంటినీ కలిపి చూడాలి. గుమ్మడి గింజలు 28 గ్రాములకి మెగ్నీషియం 156 మి.గ్రా., బాదం అంతే తూకానికి 80. బీపీకి రామిప్రిల్, టెల్మిసార్టాన్ రకాలు, స్పైరనోలాక్టోన్ వాడేవాళ్ళు మాత్రం మామూలు ఉప్పుకి బదులు వాడే పొటాషియం ఉప్పు జోలికి వెళ్ళొద్దు. అక్కడ పొటాషియం ఎక్కువైపోవడమే ప్రాణాపాయం.

ఒమేగా 3 దడకి వేసుకోకండి. రోజుకి 4 గ్రాముల మోతాదుతో చేసిన పెద్ద పరిశీలనల్లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదుల లయ చెదిరే జబ్బు) పెరిగింది. 2023లో ఐరోపా మందుల సంస్థ దాన్ని ఒమేగా 3 మందుల 'సాధారణ దుష్ప్రభావం'గా చేర్చింది. కోక్యూ10కి పీవీసీల మీద చెప్పుకోదగ్గ ఆధారం లేదు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళకి ఆ మందు పని తగ్గించొచ్చు.

చివరగా బయోటిన్. అంత మోతాదులో అది కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. మీకు 2.1 వచ్చింది కాబట్టి దడకి కారణమయ్యే అతి థైరాయిడ్ దాని చాటున దాక్కుందేమోనన్న భయం అక్కర్లేదు, నిజం అంకె ఇంకాస్త ఎక్కువ ఉండొచ్చు అంతే. మళ్ళీ పరీక్షకి వెళ్ళేముందు కనీసం రెండు రోజులు ఆపండి. ఇంకోటి, ఇది ముఖ్యం: గుండెపోటు పసిగట్టే ట్రోపోనిన్ పరీక్షని కూడా బయోటిన్ తక్కువ చేసి చూపించగలదు. ఎప్పుడైనా ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వెళ్తే బయోటిన్ వాడుతున్నానని ముందే చెప్పాలి.

---

నెమ్మదిగాలి

కాఫీ సంగతి. 2023లో 100 మంది ఆరోగ్యవంతులతో ఒక పరిశీలన వచ్చింది, ఏ రోజు తాగాలో ఏ రోజు మానాలో ఫోనుకి సందేశం పంపి, ఒంటికి ఈసీజీ పరికరం అతికించి చూశారు. పై గదుల ఎక్టోపిక్స్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పీవీసీలు మాత్రం కాఫీ రోజుల్లో సగటున 154, మానిన రోజుల్లో 102. నిద్ర 36 నిమిషాలు తగ్గింది. అంటే మీకున్న రకానికి కాఫీ కొంత ఆజ్యం పోస్తుంది, కానీ 1,150 అంతా దాని పనే అనుకోనక్కర్లేదు.

పూర్తిగా మానమని చెప్పను. ముందు ఆ 6 గంటల కప్పు తీసేయండి. కెఫీన్ సగం తగ్గడానికి దాదాపు 5 గంటలు పడుతుంది, రాత్రి 11కి కూడా ఆ కప్పులో సగం మీ ఒంట్లోనే ఉంటుంది. తర్వాత మధ్యాహ్నం 12 దాటాక వద్దు. మిగిలినవాటిని మూడు నాలుగు రోజులకి పావు కప్పు చొప్పున తగ్గించండి. ఒక్కసారే మానితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు మొదలై వారం పైన కూడా ఉండొచ్చు. ఆ రోజుల్లో దడ పెరిగితే 'కాఫీ మానితే ఇంకా ఎక్కువైంది' అని తప్పు లెక్కకి వస్తారు. ఎనర్జీ డ్రింకులు, జిమ్ ముందు కలుపుకునే పొడులు, ముక్కు దిబ్బడకి వేసుకునే సూడోఎఫెడ్రిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మాత్రలు మాత్రం ఒక్కటి కూడా వద్దు. అతిమధురం ఎక్కువగా ఉన్న మూలికా పొడులు వాడుతుంటే అవి కూడా ఆపండి, పొటాషియం పడగొడతాయి.

తిన్నాక వచ్చే దడకి: పొట్ట ఉబ్బితే డయాఫ్రం (ఊపిరితిత్తుల కింది కండరం) పైకి లేస్తుంది, గుండె, అన్నవాహిక, గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరం అన్నీ అక్కడే పక్కపక్కన ఉంటాయి. రాత్రి భోజనం మూడో వంతు తగ్గించి, ఆ తగ్గించినది సాయంత్రం 5కి తినండి. తినడానికీ పడుకోవడానికీ మధ్య 3 గంటలు. తిన్న వెంటనే పది నిమిషాలు మెల్లగా నడక. మంచం తలవైపు కాళ్ళ కింద 15 సెం.మీ. దిమ్మలు పెట్టి ఎత్తాలి. దిండ్లు పేర్చితే నడుము దగ్గర వంగి పొట్ట ఇంకా నొక్కుకుంటుంది, అదే చాలామంది చేసే పొరపాటు. కుడివైపు పడుకుంటే దడ తక్కువ తెలుస్తుంది, అసిడిటీకి మాత్రం ఎడమవైపే మంచిది. మీకు ఏ బాధ ఎక్కువో చూసుకుని ఎంచుకోండి.

శ్వాస అభ్యాసం: ముక్కుతో 4 సెకన్లు లోపలికి, 6 సెకన్లు బయటికి, నిమిషానికి ఆరు సార్లు, రోజూ 10 నిమిషాలు కూర్చుని. దడ వచ్చినప్పుడే చేస్తే సగం ఫలితమే, దడ లేనప్పుడు రోజూ చేయాలి. ఎక్కువ గాలి పీల్చేయకండి, తల తిరిగి వేళ్ళు తిమ్మిరెక్కితే అది అతిశ్వాస, దానివల్లే దడ మొదలవుతుంది. గదిలో పడుకుని ఉండగా వరసపెట్టి పీవీసీలు వస్తుంటే లేచి రెండు మూడు నిమిషాలు చురుగ్గా నడవండి, లయగతి గారు చెప్పిన కారణంతోనే తగ్గుతాయి.

గురక, పొద్దున లేవగానే తలనొప్పి ఉంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు పరీక్ష చేయించాలి. అది ఉంటే ఎన్ని మాత్రలు వేసినా రాత్రి దడ వదలదు.

---

ఉరుకుగుండె

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. బీట్ తప్పడం కాకుండా, స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా 170కి వెళ్ళి, పది పదిహేను నిమిషాలకి మళ్ళీ స్విచ్ ఆపినట్టు ఆగిపోతే, దానికీ ఇదే మెగ్నీషియమా?

---

లయగతి

కాదండీ, అది వేరే కథ. ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగే, గడియారంలా సమంగా కొట్టుకునే వేగం ఎస్‌వీటీ అయ్యే అవకాశం ఎక్కువ. గుండెలో కరెంటు ఒక చిన్న దారిలో గిరగిరా తిరుగుతుంటుంది. దాన్ని మాత్రలతో కాకుండా, ఆ దారిని సన్నటి గొట్టంతో కాల్చేసే అబ్లేషన్‌తో చాలామందికి శాశ్వతంగా తీసేయగలరు. ముందు ఆ 170 సమయంలో ఒక ఈసీజీ పట్టీ దొరకాలి, అదే అన్నిటికన్నా విలువైన కాగితం. అరుదుగా వచ్చేదైతే ఒక రోజు హోల్టర్‌కి చిక్కదు, 14 రోజులు ఒంటికి అతికించి ఉంచే ప్యాచ్ అడగండి.

డాక్టరు ఎస్‌వీటీ అని తేల్చి, ఒకసారి దగ్గరుండి నేర్పాక ఇంట్లో చేయగలిగేది సవరించిన వల్సాల్వా (బిగబట్టి ఊది నాడిని నెమ్మదింపజేసే పద్ధతి). వెనక్కి 45 డిగ్రీలు ఆనుకుని కూర్చుని, 10 మి.లీ. ఖాళీ సిరంజి మూతి నోట్లో పెట్టుకుని పిస్టన్ కాస్త కదిలేంత బలంతో 15 సెకన్లు ఊదాలి. ఊదడం ఆపగానే పక్కనున్నవాళ్ళు మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు రెండూ 45 డిగ్రీలు ఎత్తి 15 సెకన్లు పట్టుకోవాలి. తర్వాత మళ్ళీ మొదటి భంగిమలోకి. 2015లో 428 మందితో చేసిన పరిశీలనలో ఇలా చేసినప్పుడు 43 శాతం మందికి లయ మామూలైంది, కాళ్ళు ఎత్తకుండా పాత పద్ధతిలో 17 శాతానికే. కాళ్ళు ఎత్తడం ఆలస్యమైతే ప్రయోజనం పోతుంది, కాబట్టి ఇద్దరూ కలిసి ముందే సాధన చేయండి. మెడలోని రక్తనాళం నొక్కే చిట్కా ఇంట్లో వద్దు.

దీన్ని పీవీసీలకి వాడకండి, నాడిని నెమ్మదింపజేసే పద్ధతులు అక్కడ పనికిరావు.

---

తప్పినతాళం

అందరికీ ధన్యవాదాలు అండీ. గంటవారీ పట్టిక తీశాను. రాత్రి 10 నుంచి 2 మధ్యలోనే 640 ఉన్నాయి, అప్పుడు నాడి 58 నుంచి 66. ఇవన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? ఇంట్లో ఉన్న సీసా మీద 'మెగ్నీషియం (బిస్‌గ్లైసినేట్ రూపంలో) 100 మి.గ్రా.' అని ఉంది, ఇందులో 14 శాతమేనా?

---

నెమ్మదిగాలి

ఒక్కొక్కటిగానే మార్చండి, ఒక్కోదానికి రెండు వారాలు. పీవీసీలు ఏ మార్పూ లేకుండానే ఒక రోజు 300, ఇంకో రోజు 1,500 రాగలవు, కాబట్టి రెండు మంచి రోజులు చూసి నమ్మొద్దు. రోజంతా లెక్కపెట్టడం మొదలుపెడితే గుండె మీదే ధ్యాస నిలిచి ఇబ్బంది పెరుగుతుంది. పడుకున్నాక మొదటి 5 నిమిషాల్లో ఎన్ని తెలిశాయో ఒక్క అంకె, ఇబ్బంది 10కి ఎంతో ఇంకో అంకె, చివరి కాఫీ వేళ, భోజనం వేళ, నెలసరి ఎన్నో రోజు, అంతే రాయండి. నెలసరికి ముందు వారం పెరిగే వాళ్ళు చాలామంది, అది రాయకపోతే ఆ వారం మొదలుపెట్టిన మార్పు మీదకి నింద పోతుంది. మీ పట్టిక ప్రకారం ముందు రాత్రి భోజనం, మంచం ఎత్తు మార్చండి. సాయంత్రం కాఫీ రెండోది.

---

మాత్రలపెట్టె

'రూపంలో' అని రాసి బ్రాకెట్ బయట 100 ఉంది కదా, అది ఎలిమెంటల్ అంకే, 14 శాతం లెక్క దీనికి వేయకండి. ఇంకోసారి సరిచూసుకోవాలంటే పోషక విలువల పట్టికలో మెగ్నీషియం పక్కన రోజువారీ అవసరంలో ఎంత శాతమో ఉంటుంది, 100 మి.గ్రా. అయితే అమెరికా లెక్కలో 24 శాతం దగ్గర చూపాలి. అక్కడ 3 శాతమే ఉంటే ఆ 100 మొత్తం గ్లైసినేట్ బరువన్నమాట. 'ఒక సర్వింగ్' అంటే ఒక మాత్రా రెండు మాత్రలా అన్నది కూడా అదే పట్టిక పైన రాసి ఉంటుంది. క్రియాటినిన్ బాగుంటే రాత్రి భోజనంతో 100తో మొదలుపెట్టండి, కానీ భోజనం వేళ మార్చిన ఆ మొదటి రెండు వారాలు అయ్యాకే.